బాలమిత్ర సభ ఎటు పోయింది?

జనవరి 26 దగ్గర పడుతోందంటే బళ్ళో మాకు పిలుపొచ్చేది. "ఒరే సాయిబూ, మీ ఇంట్లో టోపీ ఉంటుంది కదా, రేపు తెచ్చుకో" అనేవారు. గళ్ళ లుంగీ, తెల్ల టోపీ, కాటుకతో గీసిన గడ్డం. భారతమాత వేషం కట్టిన పిల్లకి ఓ పక్క పిలకా జంధ్యం పెట్టిన పిల్లాడు, ఇంకో పక్క మెళ్ళో శిలువ వేసుకున్న పిల్లాడు, చివర మేం. మాట లేదు, పాట లేదు. కదలకుండా నిలబడటమే మా నటన. వార్షికోత్సవం వచ్చేసరికి ఇంకో వేషం దొరికేది. శివాజీ నాటకంలో అఫ్జల్ ఖాన్. "ఈ పాత్రకి నువ్వయితేనే సరిపోతావురా" అనేవారు మెచ్చుకోలుగా. శివాజీ వేషం కట్టాలని మాలో ఎవరికైనా ఉందేమోనని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు.

మాలో చాలామందికి అందిన రంగస్థల విద్య అంతే. సంగీతమైతే అదీ లేదు. ప్రార్థన గీతం పాడే పిల్లలు ఏటా ఒకే వీధి నుంచి వచ్చేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళకి సాయంత్రాలు సంగీతం మాస్టారు వచ్చేవాడు. మేం వరసలో వెనక నిలబడి పెదవులు కదిపేవాళ్ళం.

ఇది పాత గోడే. మళ్ళీ ఎందుకు ఎత్తుకున్నామంటే, మైనారిటీ యువతకి కళల్లో శిక్షణ ఇవ్వాలనీ, వాళ్ళని ప్రధాన స్రవంతిలోకి తేవాలనీ మంచి మనసున్న మిత్రులు ఇప్పటికీ అంటుంటారు. శిక్షణ ఇవ్వమనే మేమూ అంటాం. కానీ ఆ మాట వెనక ఒక నమ్మకం ఉంది. సంగీతం, నాటకం మా వాడల్లో ఎన్నడూ లేవనీ, బయటి నుంచి ఎవరో దయతో మోసుకొచ్చి మాకు పొయ్యాలనీ. దాంతోనే మా పేచీ. మాకు బడి ఉండేది. దానికి బోర్డు లేదు, గ్రాంటు లేదు, సర్టిఫికెట్ లేదు. అంచేత మీ లెక్కలోకి రాలేదు.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో ఒక పేద దూదేకుల ఇంట్లో షేక్ నాజర్ పుట్టాడు. బుర్రకథ పితామహుడని మీరంతా పిలుచుకున్న నాజర్. ఆయన పాటెత్తుకుంటే జనం తెల్లవార్లూ కదలకుండా కూచున్నారని మీ తాతలు చెప్పే ఉంటారు. ఆ గొంతుని ఎవరు సానబట్టారు? హార్మోనిస్టు ఖాదర్ అనే ఆయన బాలమిత్ర సభ పేరుతో పిల్లల చేత నాటకాలు ఆడించేవాడు. నాజర్ పాట నేర్చింది, ముఖానికి రంగు పూసుకుంది అక్కడ. ఆయన కట్టిన వేషాలు చూడండి. ద్రోణుడు, అశ్వత్థామ, నారదుడు. కరీం, రహీం. కమల అనే ఆడవేషం. రామ్‌సింగ్. పీష్వా.

పీష్వా! ఈ జాబితా చదివినప్పుడు మేం అక్కడ ఆగిపోయాం. మా బడిలో మాకు అఫ్జల్ ఖాన్ తప్ప ఇంకో వేషం రాలేదు. అంతకు ఎన్నో ఏళ్ళ ముందు, సెక్యులరిజం అన్న మాట ఇంకా తెలుగులోకి దిగని రోజుల్లో, ఒక పల్లెటూరి పిల్లల సభలో దూదేకుల కుర్రాడు పీష్వా అయ్యాడు, నారదుడు అయ్యాడు, ఆడపిల్ల అయ్యాడు. గొంతు బాగుందా, నిలబడగలడా అన్నదే అక్కడ లెక్క. పిల్లలకి నాటకం నేర్పటమంటే ఇదే కదా. తను కానివాడిగా కాసేపు బతికి చూడటం. మాకు బడి నేర్పిందేమో, మమ్మల్ని మీరు ఎవరనుకుంటున్నారో అదే మళ్ళీ మళ్ళీ అయి చూపించటం.

తర్వాత నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్య దగ్గర నాజర్ సంగీతం నేర్చుకున్నాడు. ఇంట్లో జరక్క దర్జీ పని చేశాడు. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడ్డాక ఆయన ఆ ఉద్యమం మనిషి. బెంగాల్ కరువు మీద కథ చెప్పాడు. పల్నాటి వీరచరిత్ర, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు చెప్పాడు. సాహిత్య చరిత్రకారులు ఆయన్ని సాధారణంగా ఇక్కడే అందుకుంటారు. పార్టీ ఆయన్ని తయారు చేసినట్టు కొందరు, పుట్టుకతోనే వరం ఉన్నట్టు కొందరు రాస్తారు. రెండూ అరకొరే. జంగం కథగా ఉన్న కళారూపంలోకి రాగజ్ఞానాన్ని, నాటక పాత్రాభినయాన్ని తెచ్చి కలిపింది నాజర్ అని ఒప్పుకుంటారు గదా. ఒకే మనిషి తంబురా మీటుతూ, అందె మోగిస్తూ, అడుగు వేస్తూ, నాగమ్మా తనే బ్రహ్మనాయుడూ తనే అవుతాడు. ఇది చిన్నప్పుడు పది రకాల వేషాలు కట్టిన ఒంటికి తప్ప రాదు. పార్టీ ఆయనకి కథనిచ్చింది, జనాన్నిచ్చింది. ఒంటినీ గొంతునీ ఇచ్చింది బాలమిత్ర సభ. ఖాదర్ హార్మోనియం గురించి ఒక పేజీ అయినా రాయని బుర్రకథ చరిత్ర మాకు సగం చరిత్ర.

1986లో నాజర్‌కి పద్మశ్రీ వచ్చింది. 1997లో పోయాడు. తన ఆత్మకథకి పెట్టుకున్న పేరు 'పింజారి'. తెలుగులో ఆ మాట తిట్టు. సినిమాల్లో వింటాం, బస్టాండులో వింటాం, చదువుకున్నవాళ్ళ నోట కూడా వింటాం. దూది ఏకి మీ పడకలు మెత్తగా చేసినవాడి కులం పేరు మీకు తిట్టెలా అయిందో ఎవరైనా ఆలోచించారా? ప్రభుత్వ జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అని బీసీ-బి కింద రాసుంటుంది. అక్కడ కులం, వీధిలో బూతు. ఆ మాటని తీసి పుస్తకం నుదుటి మీద పెట్టుకున్నాడాయన. దాన్ని వినయం అన్నవాళ్ళున్నారు. మాకు వినయం కనపడలేదు. పద్మశ్రీ తీసుకున్న చేత్తోనే మీ తిట్టుని మీకు తిరిగి అప్పజెప్పటం కనపడింది.

ఇక సన్నాయి సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే మా బడి ఎట్లా నడిచిందో, ఎక్కడికి వెళ్ళిపోయిందో బాగా తెలిసేది ఇక్కడే.

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో గుడి మేళం ఊదిన కుటుంబాల్లో ఎన్నో ముస్లిం కుటుంబాలు. తరాల నుంచీ. చిలకలూరిపేట పేరు చెబితే సన్నాయి తెలిసినవాళ్ళు చెవులు రిక్కిస్తారు. ఆ ఇళ్ళల్లో పిల్లాడికి చదువు ఎట్లా మొదలయ్యేదంటే, ముందు సన్నాయి ముట్టుకోనివ్వరు. తాళం వెయ్యాలి. మేళంలో పెద్దల వెనక కూచుని శ్రుతి పట్టాలి. ఏళ్ళ తరబడి అంతే. సరళీ వరసలు ముందు గొంతుతో పలకాలి, గొంతులో లేనిది గొట్టంలోకి రాదనేవాళ్ళు. తర్వాత పీక కట్టటం, దాన్ని తడిపి, నొక్కి, చెక్కి దారికి తెచ్చుకోవటం. తెల్లవారుజామున నిద్రలేచి బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదటం. ఫజర్ నమాజుకి పెద్దలు లేచే వేళకే పిల్లాడు భూపాలం పట్టేవాడంటే మీకు వింతగా ఉంటుందేమో. ఆ ఇంట్లోవాళ్ళకి అందులో వింతేం లేదు. ఒకటి నమ్మకం, ఒకటి పని. రెండింటికీ నిద్ర లేవాల్సిందే.

షేక్ చిన మౌలానా 1924లో ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టారు. తండ్రి కాశిం సాహెబ్ దగ్గర, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. అప్పటికే పేరున్న విద్వాంసుడై ఉండి, తంజావూరు బాణీ మీద ఇష్టంతో నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకన్ను సోదరుల దగ్గర మళ్ళీ శిష్యుడిగా కూచున్నారు. చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1982లో అక్కడే ఒక నాదస్వర పాఠశాల పెట్టారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. 1999లో కన్నుమూశారు.

ఆయన గురించి తెలుగులో వచ్చిన వ్యాసాలు తిరగెయ్యండి. నూటికి తొంభై వాటిలో మొదటి మాట 'మతసామరస్యం'. రెండో మాట 'రాముడి ముందు ఊదిన ముస్లిం'. ఆయన రాగాలాపన ఎట్లా ఉండేదో, తంజావూరు బాణీ నుంచి ఏం తీసుకుని ఏం మార్చారో, ఊపిరిని ఎక్కడ దాచి ఎక్కడ వదిలేవారో రాసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సంగీతకారుణ్ణి సంగీతంతో కాక పేరుతో కొలవటం పొగడ్త ముసుగులో చేసే చిన్నచూపు. 1992 డిసెంబరు 6 తర్వాత సామరస్య సభలు పెరిగాయి, మా సన్నాయి వాళ్ళ అవసరమూ పెరిగింది. వేదిక ఎక్కించారు, శాలువా కప్పారు, ఫొటో తీశారు. బళ్ళో భారతమాత పక్కన నిలబెట్టిన టోపీ పిల్లాడే ఇక్కడ పెద్దవాడై నిలబడ్డట్టుంది మాకు. తేడా అల్లా చేతిలో సన్నాయి ఉంది. ఇంకో మాటా అడగాలి. గుళ్ళో ఊదిన సాయిబు సామరస్యానికి ప్రతీక అయ్యాడు. మరి దర్గాలో ఊదిన సాయిబు? ఉర్సులో పాడిన ఖవ్వాల్? వాళ్ళ కళకి సామరస్యం మార్కులు పడవు కనక అది కళ కాకుండా పోయిందా?

అసలు ప్రశ్న ఇది కూడా కాదు. కరవదిలో పుట్టినాయన బడి శ్రీరంగంలో ఎందుకు పెట్టాల్సి వచ్చింది? ప్రకాశం జిల్లా నుంచే వెళ్ళిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు ఆ బడిలోనే నేర్చుకుని దేశమంతా ఊదారు. కాలీషాబీ ఆడమనిషి. సన్నాయి ఊదటానికి ఆడవాళ్ళకి ఊపిరి చాలదనే మాట ఆమె ముందు చెల్లలేదు. 2020లో వాళ్ళిద్దరికీ పద్మశ్రీ ప్రకటించినప్పుడు పేర్ల పక్కన రాష్ట్రం తమిళనాడు అని ఉంది. మనవాళ్ళు ఆ రోజు 'మన తెలుగువాళ్ళు' అని గర్వపడ్డారు. గర్వానికి అడ్డేముంది? భద్రాచలం గుళ్ళో నాదస్వరం ఊదిన గోసవీడు షేక్ హసన్‌కి 2022లో ఆంధ్రప్రదేశ్ నుంచి పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఆయన లేరు.

సంగీత కళాశాలలు మనకి లేవా అంటే ఉన్నాయి. 1919లో విజయనగరంలో రాజావారు పెట్టిన కళాశాల ఉంది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. పారశీకం నేర్చుకుని ఉమర్ ఖయ్యాంని సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చిన మనిషి. అట్లాంటి మనిషితో మొదలైన సంస్థల పరంపర క్రమంగా ఎట్లా తయారైందంటే, గాత్రం, వీణ, వయొలిన్ సంగీతమయ్యాయి. సన్నాయి మంగళకరం అయింది, సంగీతం కాలేదు. పెళ్ళిలో 'గట్టిమేళం' అనగానే ఊదాలి. మిగతాసేపు ఊదేది ఎవరూ వినరు. కొన్నిచోట్ల నాదస్వరం క్లాసులు ఉన్నాయి, కాదనం. కానీ తరాల విద్య చేతిలో ఉన్న సాయిబుని డిప్లొమా లేదని గురువుగా కూచోబెట్టని పద్ధతి ఉన్నంతకాలం ఆ క్లాసు మా ఇంటి గడప దాటి లోపలికి రాదు. ముహూర్తాలున్న నెలల్లో తిండి, ఆషాఢంలో అప్పు. మేళంలో తాళం వెయ్యాల్సిన పిల్లాడు మెకానిక్ షెడ్డులో స్పానర్లు అందిస్తున్నాడు, లేకపోతే పాస్‌పోర్టు కోసం తిరుగుతున్నాడు. వాడి తండ్రిని తప్పుపట్టే ధైర్యం మాకు లేదు.

హైదరాబాద్ కథ వేరు. అక్కడ మా భాష దక్కనీ. బబ్బన్ ఖాన్ 1965లో మొదలుపెట్టిన 'అద్రక్ కే పంజే' చాలని జీతం, నిండిన కాపురం కథ. దేశదేశాల్లో ఆడింది. ఇరుకు గల్లీ మాటనే నాటకం చేసి నవ్వించవచ్చని మొహల్లా కుర్రాళ్ళకి నేర్పింది అదే. తెలుగు నాటక చరిత్ర దాన్ని ఉర్దూ అని వదిలేసింది, ఉర్దూ పండితులు దక్కనీ అని ముఖం చిట్లించారు. రెండు వాకిళ్ళ మధ్య నిలబడటం మాకు కొత్తేం కాదు.

ఇంతసేపూ మిమ్మల్ని అన్నాం. ఇక మా ఇంటి సంగతి దాచుకుంటే ఈ రాత దొంగరాత అవుతుంది.

నాజర్‌నీ మౌలానానీ మేం మావాళ్ళని ఎప్పుడు చెప్పుకున్నాం? పేరొచ్చాక. అంతకుముందు ఉర్దూ మాట్లాడే ఇళ్ళల్లో ఆ కుటుంబాలని ఏమనేవాళ్ళో మాకు తెలుసు. "దూదేకులోళ్ళు, నమాజు రాదు, తెలుగులో మాట్లాడతారు, గుళ్ళో ఊదుతారు" అనేవాళ్ళు. సంబంధం కలుపుకోమంటే తల తిప్పుకునేవాళ్ళు. బయటివాళ్ళు పింజారి అని తిడితే, లోపలివాళ్ళు సగం ముసల్మాన్ అని తిట్టారు. కులం లేదని మింబర్ మీద చెప్పుకునే మా దగ్గర ఇదంతా జరిగింది, జరుగుతోంది.

పీర్ల పండగ మా పిల్లలకి ఇంకో బడి. మొహర్రం పది రోజులూ చావిడి దగ్గర డప్పు ఎట్లా పట్టుకోవాలో, అలావా చుట్టూ అడుగు ఎట్లా వెయ్యాలో, పెద్దవాళ్ళు ఎత్తుకున్న పాటకి వంత ఎక్కడ కలపాలో ఎవరూ చెప్పకుండానే వచ్చేది. తెలంగాణలో, రాయలసీమలో అన్ని కులాల పిల్లలూ ఆ గుండం చుట్టూ కలిసి నేర్చుకున్నారు. కర్బలా కథ మాకు మొదట అందింది పుస్తకంలోంచి కాదు, ఆ పాటల్లోంచి. ఏడుపుని కూడా తాళంలో ఏడవొచ్చని అక్కడే తెలిసింది. తర్వాత జమాతులు వచ్చాయి. ఇది బిద్అత్ అన్నారు, గానా బజానా హరామ్ అన్నారు. కొన్ని ఊళ్ళల్లో మా కుర్రాళ్ళు చావిడి దగ్గరికి పోవటం మానేశారు. పీరుని ఇప్పుడు బోయలు, మాలమాదిగలు, యాదవులు ఎత్తుతున్నారు, మేం దూరంగా ఉన్నాం.

మతం వద్దని మేం అనటం లేదు. సంగీతం మీద ఉలమాల మధ్యే ఏకాభిప్రాయం లేదనీ, చిష్తీ సూఫీలు సమాని ఆరాధనగానే చూశారనీ అందరికీ తెలిసిన సంగతే. అయినా ఆ చర్చని మాకు వినిపించకుండా తీర్పు ఒక్కటే వినిపించారు. ఆ తీర్పు కూడా అందరికీ ఒకేలా లేదు. అబ్బాయి ఫోన్లో సినిమా పాటలు వింటే ఎవరికీ పట్టదు. అమ్మాయి నోరు తెరిచి పాడితే మొహల్లా మొత్తానికి దీన్ గుర్తొస్తుంది. విని ఊరుకునేవాళ్ళుగా మేం మిగలొచ్చట, చేసేవాళ్ళుగా మాత్రం పనికిరామట. ఒక పక్క బళ్ళో నోరు లేని వేషం, ఇంకో పక్క ఇంట్లో నోరు మూయించటం. మధ్యలో పిల్లల గొంతు ఎటు పోవాలి?

నిరుడు మేం కొందరం కలిసి మా మొహల్లా పిల్లల చేత బుర్రకథ కట్టించాలనుకున్నాం. కథ బందగీది. కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి, హత్యకి గురైనవాడు. సుంకర, వాసిరెడ్డి 'మా భూమి' నాటకానికి ప్రేరణ ఆయనే. మా పిల్లల్లో ఒక్కరికీ ఆ పేరు తెలీదు. చెప్పేసరికి ఒకడు అడిగాడు, "సాయిబు హీరోనా?" అని. మేం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

రిహార్సల్‌కి షాదీఖానా అడిగితే కమిటీవాళ్ళు పాట ఉంటుందా అని అడిగారు. ఉంటుందన్నాం. మిద్దె మీద చేసుకుంటున్నాం. కథకుడిగా ముగ్గురబ్బాయిల్ని చూశాం, గొంతులు లేవు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి రోజూ వచ్చి మెట్ల మీద కూచుని, మేం తప్పు పాడినప్పుడల్లా సన్నగా సరిచేసేది. ఆమెని నిలబెట్టాం. వాళ్ళ నానీ ముందు వద్దంది, తర్వాత ఓ రాత్రి తనే మిద్దెక్కి వచ్చి చివరిదాకా విని, "దేశ్‌ముఖ్ పేరు ఇంకొంచెం గట్టిగా అను బేటీ" అని చెప్పి దిగిపోయింది. వంతలకి ఒక సాయిబు పిల్లాడు, ఒక మాదిగ పిల్లాడు కుదిరారు. ఇద్దరికీ హాస్యమే కావాలి, రాజకీయం ఎవరికీ వద్దు. అదింకా తేలలేదు.

గుమ్మెటలు దొరికాయి, పాతవే, చర్మం మార్పించాలి. తంబురా దొరకలేదు. ఒకప్పుడు కథలు చెప్పిన ఓ ముసలాయన దగ్గర ఉందని తెనాలి వైపు నుంచి కబురొచ్చింది. వచ్చే ఆదివారం ఆ పిల్లనీ వెంటబెట్టుకుని వెళ్తున్నాం.